గుర్రాల ట్రైనర్ కావాలంటే ఏ కోర్సు చేయాలి? తబేలాలో ముప్పై ఏళ్ళు గడిపాక నా జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "నాకు 23 ఏళ్ళు. డిగ్రీ అయిపోయింది. మాది నల్గొండ దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచి గుర్రాలంటే ప్రాణం, కానీ ఇంట్లో ఎప్పుడూ గుర్రం లేదు. ట్రైనర్ కావాలని ఉంది. ఆన్‌లైన్‌లో ఒక సర్టిఫికెట్ కోర్సు చూశాను, ఫీజు లక్షన్నర. చేరమంటారా? ఈ వయసులో మొదలుపెడితే ఆలస్యమైనట్టేనా?"

తమ్ముడూ, ఆ ఫీజు ఇప్పుడే కట్టకు. ఆ లక్షన్నర దగ్గరుంచుకో. మొదటి ఏడాది తబేలాలో, అంటే గుర్రాల శాలలో, జీతం చాలా తక్కువ వస్తుంది. గది అద్దెకీ తిండికీ ఆ డబ్బే నిన్ను ఆదుకుంటుంది. చదువు వద్దని నేను అనడం లేదు. గుర్రం ఒళ్ళు ఎలా పనిచేస్తుందో చదివి తెలుసుకుంటే చాలా మంచిది. కానీ ముందు చేతికి తెలియాలి, తర్వాత చదివితే ఆ చదువు ఒంటబడుతుంది. చేతికి తెలియకుండా చదివినవాళ్ళను చాలామందిని చూశాను. టెండన్ (కండను ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది) పేరు గడగడా చెప్తారు, కాలు పట్టుకోమంటే ఎక్కడ పట్టుకోవాలో తెలియదు.

నా సంగతి చెప్తాను, ఎందుకు ఇలా అంటున్నానో నీకే అర్థమవుతుంది.

మాది మహబూబ్‌నగర్ జిల్లా. ఇంట్లో ఎద్దులు, గేదెలే తప్ప గుర్రం లేదు. 1994లో మా మేనమామ హైదరాబాద్‌లో మలక్‌పేట రేస్ కోర్సు తబేలాలకు దాణా వేసేవాడు. ఓట్స్, బార్లీ, తవుడు, ఉలవల బస్తాలు దించడానికి ఆయన వెంట వెళ్ళాను. దించుతూ దించుతూ అక్కడే ఆగిపోయాను. ఒక తబేలాలో జమాదార్ ఉండేవారు. జమాదార్ అంటే సాయిస్‌లందరి మీద, అంటే గుర్రాలను చూసుకునే పనివాళ్ళందరి మీద పెద్ద. ట్రైనర్ లేనప్పుడు తబేలా నడిపేది ఆయనే. బడి మొహం చూడని మనిషి. ముప్పై గుర్రాలలో ఏది రాత్రి సరిగా పడుకోలేదో పొద్దున దాని కళ్ళు చూసి చెప్పేవారు. ఆయన్నే నేను ఉస్తాద్ అంటాను.

మూడు నెలలు ఆయన నన్ను గుర్రం ఎక్కనివ్వలేదు. లద్దె ఎత్తడం, నీళ్ళ బక్కెట్లు కడగడం, గడ్డి మార్చడం, సాయిస్ మాలిష్ చేస్తుంటే పక్కన నిలబడి చూడడం, ఇదే పని. రోజూ పొద్దున నన్ను ఒకే ప్రశ్న అడిగేవారు: "రాత్రి దాణా ఎంత మిగిల్చింది?" మొదట్లో "తిన్నది" అనేవాణ్ణి. "ఎంత?" అని మళ్ళీ అడిగేవారు. తొట్టిలో చెయ్యి పెట్టి అడుగున మిగిలిన గింజలు తీసి చూపించాలి. ఆరోగ్యంగా ఉన్న గుర్రం తొట్టి నాకేస్తుంది. పిడికెడు మిగిల్చిందంటే ఏదో ఉంది. జ్వరమో, పంటి నొప్పో, నిన్న పని ఎక్కువైందో. కుంటడం, దగ్గడం, చెమటలు పట్టడం, ఇవన్నీ తర్వాత కనబడతాయి. ముందు తెలిసేది తొట్టి దగ్గరే.

ఇంకో సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో. గుర్రం వాంతి చేసుకోలేదు. దాని ఒంటి నిర్మాణమే అలాంటిది. 450 నుంచి 500 కిలోల జంతువుకు పొట్ట మాత్రం చిన్నది. అందుకే ఒకేసారి ఎక్కువ దాణా పెట్టకూడదు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి, గడ్డి ఎప్పుడూ ముందుండాలి. కడుపు నొప్పి వస్తే మాటిమాటికీ వెనక్కి తిరిగి డొక్క వైపు చూసుకుంటుంది, కాలితో నేల గీరుతుంది, పడుకుంటుంది, లేస్తుంది. అది చూసినప్పుడు "కాసేపు చూద్దాం" అనుకోకూడదు. వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఇక కాళ్ళు. ఈ పనిలో ముప్పాతిక వంతు కాళ్ళే.

పొద్దున నాలుగున్నరకు తబేలా తెరుస్తాం. గుర్రాన్ని బయటకు తీయకముందే ఉస్తాద్ లోపలికి వెళ్ళి, మెడ మీద చెయ్యి వేసి పలకరించి, ఎడమ ముంగాలు పక్కన గొంతుక్కూర్చునేవారు. మోకాలు నేలకు ఆనించేవారు కాదు. గుర్రం ఉలిక్కిపడితే లేచి తప్పుకోవడానికి వీలుండాలి కదా. గుర్రం మోకాలి కింద నుంచి అరచేతిని మెల్లగా జార్చేవారు. ఎముక వెనకాల రెండు తాళ్ళు పక్కపక్కన పెట్టినట్టు టెండన్లు ఉంటాయి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య వాటిని పట్టుకుని పై నుంచి గిట్ట పైదాకా కొద్దికొద్దిగా నొక్కుకుంటూ వచ్చేవారు. తర్వాత కాలు ఎత్తి, మడిచి, బరువు లేనప్పుడు మళ్ళీ అంతా అలాగే. ఆ తర్వాత కుడికాలు. మళ్ళీ ఎడమ. ఒక కాలి వేడి ఎంతో ఇంకో కాలిని పట్టుకుంటేనే తెలుస్తుంది.

నన్ను పక్కన కూర్చోబెట్టి "ఆంఖ్ సే నక్కో, హాథ్ సే దేఖ్" అనేవారు. కళ్ళతో వద్దు, చేతితో చూడు అని. నా చెయ్యి కింద, తన చెయ్యి పైన పెట్టి ఎంత నొక్కాలో చూపించేవారు. వాపు కంటికి కనబడేసరికి ఆలస్యం అయిపోయినట్టే. దానికి ఒకటి రెండు రోజుల ముందే అక్కడ గోరువెచ్చగా ఉంటుంది, నొక్కితే గుర్రం చెవి కొద్దిగా వెనక్కి పోతుంది, లేదా కాలు అర అంగుళం లాక్కుంటుంది. అంతే. ఆ అర అంగుళాన్ని పట్టుకోగలిగినవాడే ట్రైనర్ అవుతాడు. రోజుకు పది గుర్రాల కాళ్ళు పట్టుకుంటే నాకు ఆరు నెలలకు కొంచెం తెలిసింది, రెండేళ్ళకు ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం ఉండి కూడా ఒకసారి ఘోరమైన తప్పు చేశాను. 2003లో ఒక తబేలాలో అసిస్టెంట్‌గా ఉన్నాను. ఉస్తాద్ కూడా అక్కడే ఉన్నారు. నాలుగేళ్ళ గుర్రం, మంచి ఫామ్‌లో ఉంది, ఆదివారం రేసు. శనివారం పొద్దున ఎడమ ముంగాలు నా చేతికి కాస్త వెచ్చగా తగిలింది. వాపు లేదు, కుంటు లేదు. కుడికాలు పట్టుకున్నాను, మళ్ళీ ఎడమ. తేడా ఉందా లేదా అన్నంత. ఓనరుగారు కుటుంబంతో వస్తున్నారని అందరం హడావుడిలో ఉన్నాం. నా భ్రమేమో అనుకున్నాను. ట్రైనర్‌కు చెప్పలేదు, ఉస్తాద్‌కు చెప్పలేదు. ఆదివారం చివరి 300 మీటర్లలో గుర్రం ఒక్కసారిగా తగ్గిపోయింది. జాకీ ఆపి దిగేశాడు. టెండన్ తెగింది. అలాంటి దెబ్బ మానడానికి ఏడాది పడుతుంది, మానినా పాత బలం రావడం కష్టం. ఆ గుర్రం ఏడాది తర్వాత రెండు రేసులు పరుగెత్తి మానుకుంది.

ఉస్తాద్ నన్ను తిట్టలేదు. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు నన్ను ఆ గుర్రం దగ్గరికి తీసుకెళ్ళి, కట్టు మార్చేటప్పుడు నా చేతిని ఆ కాలి మీద పెట్టించారు. "శనివారం ఎంత వేడి ఉంది? ఈ కాలంతా తడిమి, అంత వేడి ఎక్కడుందో చూపించు" అన్నారు. దెబ్బ తగిలిన చోటు నుంచి మెల్లగా పైకి జరుపుకుంటూ వెళ్ళాను. మోకాలికి నాలుగు వేళ్ళ కింద ఒక చోట చెయ్యి ఆగింది. "ఇంత" అన్నాను. ఆయన అక్కడ తన చెయ్యి పెట్టి చూసి "ఇంత ఉంటే నాకు చెప్పాలి" అన్నారు. ఆ చోటు, ఆ వేడి ఇవాళ్టికీ నా చేతిలో ఉంది. ఆ తర్వాత ఒక్కసారి కూడా అనుమానాన్ని దాచుకోలేదు. ట్రైనర్లు విసుక్కున్నారు, ఓనర్లు కోప్పడ్డారు, పర్వాలేదు.

చెవితో కూడా నేర్పించారు. మధ్యాహ్నం తబేలా ముందు సిమెంటు బాట మీద ఒక సాయిస్ గుర్రాన్ని ట్రాట్‌లో, అంటే చిన్న పరుగులో తీసుకెళ్తుంటే నన్ను గోడ వైపు తిప్పి నిలబెట్టి "ఆంఖా బంద్ కర్కే సున్" అనేవారు. కళ్ళు మూసుకుని విను అని. నడకలో నాలుగు అడుగులూ విడివిడిగా వినబడతాయి. ట్రాట్‌లో ఐమూలగా ఉన్న కాళ్ళు (ఎడమ ముంగాలు, కుడి వెనక కాలు) జతగా పడతాయి కాబట్టి రెండే చప్పుళ్ళు. క్యాంటర్‌లో, అంటే మోస్తరు దౌడులో మూడు. పూర్తి దౌడులో మళ్ళీ నాలుగు, కానీ దగ్గరదగ్గరగా. ట్రాట్‌లో రెండు చప్పుళ్ళూ ఒకే బరువుతో వినబడాలి. ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా వస్తుంటే గుర్రం ఏదో కాలిని కాచుకుంటోంది. అప్పుడు కళ్ళు తెరిచి తల చూడాలి. ముంగాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకు తగిలినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు మోపినప్పుడు కిందికి దిగుతుంది. కొత్తవాళ్ళందరూ దీన్ని తిరగేసి చెప్తారు. నేనూ అలాగే చెప్పి, ఏ నొప్పీ లేని కాలికి ఐసు పెట్టాను.

కొత్త గుర్రాలను మచ్చిక చేయడం గురించి నువ్వు ప్రత్యేకంగా అడగలేదు కానీ, ట్రైనింగ్ అనగానే అందరి మనసులో ఉండేది అదే. గుర్రాలను పుట్టించి పెంచే స్టడ్ ఫామ్ నుంచి వచ్చే పిల్లగుర్రానికి కళ్ళెం తెలియదు, జీను తెలియదు, వీపు మీద మనిషంటే తెలియదు. వీపు మీద బరువు పడిందంటే పులి దూకిందనే దాని ఒంటికి తెలుసు. కాబట్టి వారాల తరబడి పొడవాటి తాడుతో గుండ్రంగా తిప్పుతూ, ముందు ఒక పట్టీ, తర్వాత జీను, తర్వాత జీను మీద అడ్డంగా వాలే మనిషి, ఆ తర్వాతే కూర్చునే మనిషి. తొందరపడితే ఆ భయం జీవితాంతం ఉంటుంది.

ఇందులో గుట్టు ఒకటే. కళ్ళెం లాగినప్పుడు గుర్రం ఏమీ నేర్చుకోదు. అది లొంగిన ఆ క్షణంలో నువ్వు వదిలితే, ఆ వదలడంలో నేర్చుకుంటుంది. వదలడం అర సెకను ఆలస్యమైతే అది ఇంకేదో నేర్చుకుంటుంది. దీన్ని ఉస్తాద్ నాకు గుర్రం లేకుండానే నేర్పించారు. కళ్ళెం ఇనుమును తన రెండు పిడికిళ్ళలో పట్టుకుని, పగ్గాలు నా చేతికిచ్చి, కళ్ళు మూసుకోమన్నారు. "లాగు" అన్నారు. లాగాను. ఆయన పిడికిలి కాస్త సడలించగానే నేను వదలాలి. మొదటి రోజు ఒక్కసారి కూడా సమయానికి వదల్లేకపోయాను. ఆయన ఇచ్చేశారని నాకు తెలిసేసరికే ఆయన మళ్ళీ బిగించేవారు. రోజూ మధ్యాహ్నం పావుగంట, దాదాపు నెల రోజులు. ఒకరోజు ఆయన "ఇవాళ నా నోరు నొప్పెట్టలేదు" అన్నారు. మర్నాడు పొద్దున మొదటిసారి గుర్రం ఎక్కించారు.

అమెరికాలో పశువుల పాలేళ్ళలో కూడా ఈ విద్య ఇలాగే చేతులు మారింది. టామ్ డోరన్స్ దగ్గర రే హంట్ నేర్చుకున్నాడు, రే హంట్ దగ్గర బక్ బ్రానమన్ నేర్చుకున్నాడు. ఒత్తిడి పెట్టడం కంటే దాన్ని తీసేయడమే గుర్రానికి అర్థమయ్యే భాష అని వాళ్ళూ చెప్పారు. మలక్‌పేటలో మా ఉస్తాద్ వాళ్ళ పేర్లు కూడా విని ఉండరు.

డిగ్రీ చదివి లద్దె ఎత్తడమేంటని ఇంట్లో అంటారు, నాకు తెలుసు. జాన్ గాస్డెన్ కేంబ్రిడ్జ్‌లో చదివిన మనిషి. ఇవాళ ఇంగ్లండ్‌లో పెద్ద ట్రైనర్లలో ఒకరు. ఆయన కూడా ముందు నోయల్ మర్లెస్ దగ్గర, తర్వాత ఐర్లండ్‌లో విన్సెంట్ ఓబ్రయన్ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేసి నేర్చుకున్నవారే. ఐర్లండ్‌లో పెద్ద ట్రైనర్ ఎయిడన్ ఓబ్రయన్ కూడా, ఇంకో పెద్ద ట్రైనర్ అయిన జిమ్ బోల్గర్ తబేలాలో ఎదిగారు. మన దేశంలో పెసీ ష్రాఫ్ పెద్ద జాకీగా ఏళ్ళ తరబడి గుర్రాల వీపు మీద ఉండి, ఆ తర్వాత ట్రైనర్ అయ్యారు.

వయసు గురించి టెన్షన్ అసలు వద్దు. జాకీ కావాలంటే వయసూ బరువూ రెండూ అడ్డమే. 50 కిలోల దగ్గర ఒళ్ళు నిలబెట్టుకోవాలి, చిన్నప్పుడే చేరాలి. ట్రైనర్‌కు ఆ బాధ లేదు. అమెరికాలో డి. వేన్ లూకస్ మొదట బడిలో బాస్కెట్‌బాల్ కోచ్. 1988లో విన్నింగ్ కలర్స్ అనే ఆడగుర్రంతో తొలిసారి కెంటకీ డెర్బీ అనే పెద్ద రేసు గెలిచేటప్పటికి ఆయనకు 50 దాటాయి. ఆయన దగ్గర అసిస్టెంట్‌గా పనిచేసిన టాడ్ ప్లెచర్ అదే డెర్బీని 2010లో, 2017లో గెలిచారు. 23 ఏళ్ళకు నువ్వు ఆలస్యం కాలేదు.

ఇప్పుడు అసలు పని. గురువును ఎలా వెతకాలి?

రేస్ కోర్సు తబేలాలకు పాస్ లేకుండా లోపలికి రానివ్వరు. ముందు రేస్ క్లబ్బు ఆఫీసులో అడుగు, లేదా ఏదైనా ట్రైనర్ అసిస్టెంట్‌తో మాట్లాడు. పొద్దున ఐదు నుంచి తొమ్మిది మధ్య వెళ్తే ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. సాయంత్రం నాలుగింటికి, గుర్రాలను బయట నిలబెట్టి చూసుకునే వేళ వెళ్ళు. నేరుగా రేసుల్లోకి దారి దొరక్కపోతే హైదరాబాద్ శివార్లలో రైడింగ్ క్లబ్బులు ఉన్నాయి, అక్కడ మొదలుపెట్టు. రేసుల నుంచి మానుకున్న గుర్రాలు అక్కడికే వస్తాయి కాబట్టి దెబ్బతిన్న కాళ్ళను, చెడిపోయిన అలవాట్లను అక్కడే బాగా చూస్తావు. పాడేరు వైపు నీకు ఎవరైనా తెలిసినవాళ్ళుంటే కొన్నాళ్ళు వెళ్ళి ఉండు. ఏజెన్సీ కొండల్లో సంతకు సరుకు మోసే గుర్రాలను పెంచేవాళ్ళు చిన్న పిల్లలుగా ఉన్నప్పటి నుంచే వాటితో తిరుగుతారు. వాళ్ళ దగ్గర ఓపిక నేర్చుకోవచ్చు.

మనిషి మంచి గురువా కాదా అన్నది అతని మాటలు వినకముందే అతని గుర్రాలు చెప్తాయి. అతను లోపలికి వెళ్ళినప్పుడు గుర్రం మూలకు జరిగిందా, తల ఇటు తిప్పిందా చూడు. సాయిస్‌లు ఆ తబేలాలో ఎన్నేళ్ళుగా ఉన్నారో అడుగు. ఏడాదికొకసారి అందరూ మారిపోతుంటే ఆలోచించు. "ఎందుకు?" అని అడిగితే కసురుకోకుండా చెప్తాడా? తెలియనప్పుడు "డాక్టర్‌ను పిలువు" అంటాడా? డాక్టరు లేకుండా తనే ఇంజెక్షన్లు పొడిచేవాడి దగ్గర మాత్రం ఒక్కరోజు ఉండకు. అది గుర్రానికి ప్రమాదం. రేపు నీకు లైసెన్సు రాకుండా కూడా చేస్తుంది.

ట్రైనర్ లైసెన్సు రేస్ క్లబ్బు ఇస్తుంది. ఎవరి దగ్గర, ఎన్నేళ్ళు, ఏ హోదాలో పనిచేశావో చూస్తారు. పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. రూల్సు క్లబ్బును బట్టి మారతాయి, కాబట్టి ఎక్కడ పనిచేస్తావో అక్కడే కనుక్కో. అది నీకు ఇంకా చాలా ఏళ్ళ దూరం, దాని గురించి ఇప్పుడు నిద్ర పాడుచేసుకోకు.

చేరిన రోజే ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కో. నీకు అప్పగించిన గుర్రం ఒక్కటే అయినా రోజూ రాయి: దాణా ఎంత మిగిల్చింది, ఎన్ని నీళ్ళు తాగింది, ఒళ్ళు వేడి ఎంత, నాలుగు కాళ్ళు ఎలా ఉన్నాయి, ఏం పని చేసింది, పని తర్వాత ఊపిరి ఎంతసేపటికి సర్దుకుంది. మామూలుగా గుర్రం ఒళ్ళు 99 నుంచి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. ఊరికే నిలబడి ఉన్నప్పుడు గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, దౌడులో 200 దాటుతుంది. దవడ ఎముక కింద వేలు పెడితే నాడి దొరుకుతుంది. ఇవి అన్ని గుర్రాలకూ వర్తించే లెక్కలు. నీకు కావలసింది నీ గుర్రం లెక్క. దానికి మామూలుగా 32 ఉండి ఇవాళ 42 ఉంటే, పుస్తకం ప్రకారం బాగానే ఉంది, కానీ దానికి బాగాలేదు. నా దగ్గర అలాంటివి పదకొండు నోట్‌బుక్కులు ఉన్నాయి. ఆ శనివారం పేజీలో నేను "కాళ్ళు బాగున్నాయి" అని రాశాను. ఆ పేజీ చింపలేదు.

గిట్టలకు లాడాలు కొట్టే నాల్‌బంద్ వచ్చిన రోజు ఏ పనీ పెట్టుకోకుండా అతని పక్కన నిలబడు. నాలుగైదు వారాలకోసారి లాడాలు మారుస్తారు. పాత లాడం చేతిలోకి తీసుకుని ఏ వైపు ఎక్కువ అరిగిందో చూడు. గుర్రం నెల రోజులుగా ఎలా నడిచిందో అందులో ఉంటుంది. మంచి నాల్‌బంద్ అడక్కుండానే చూపిస్తాడు, అడిగితే ఇంకా సంతోషిస్తాడు.

వెళ్ళే ముందు టెటనస్ ఇంజెక్షన్ వేయించుకో. చెప్పులతో వెళ్ళకు, గట్టి బూట్లు కొను. గుర్రానికి సరిగ్గా వెనకాల, ముక్కుకు సరిగ్గా ఎదురుగా కనబడదు. అందుకే భుజం వైపు నుంచి, మాట వినిపిస్తూ దగ్గరికి వెళ్ళు. వెనక నుంచి దాటాల్సి వస్తే ఒంటికి ఆనుకుని దాటు, లేదా కాలు అందనంత దూరం నుంచి దాటు. మధ్యలో మాత్రం వద్దు. ఎంత మెత్తని గుర్రమైనా సరే, తాడును చేతికి చుట్టుకోకు. మడతలుగా పట్టుకో.

నెల రోజులు పనిచేశాక ఇక్కడే మళ్ళీ రాయి. నీకు ఏ గుర్రం ఇచ్చారో, అది రాత్రి దాణా ఎంత మిగిలిస్తోందో చెప్పు, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.